సన్‌రైజర్స్‌ కోచ్‌ని మార్చాలా? అసలు కోచ్ చేతిలో ఏముంటుంది?

ఐపీఎల్ 2025 అయిపోయింది. అయినా మా వైపు, ఆత్మకూరులో టీ కొట్టు దగ్గరైనా, ఉదయగిరిలో సాయంత్రం పూట గ్రౌండులోనైనా, నలుగురు కుర్రాళ్ళు చేరితే ఒకటే వాదన. సన్‌రైజర్స్ కోచ్ వెట్టోరీని మార్చాలా, ఉంచాలా?

మార్చాలనే వాళ్ళ కోపంలో న్యాయం లేకపోలేదు. 2024లో ఫైనల్ దాకా పోయిన టీం. 2025 మొదటి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286 కొట్టింది. ఇక ఈసారి 300 చూస్తామని అందరం స్క్రీన్‌షాట్లు దాచుకున్నాం. ఆ తర్వాత వరసగా నాలుగు మ్యాచ్‌లు పోయాయి. చివరికి ఆరో స్థానం, 13 పాయింట్లు. ఆఖరి మూడు మ్యాచ్‌లు గెలిచారు గానీ, అప్పటికే ఢిల్లీతో మ్యాచ్ వానకి కొట్టుకుపోయి మన కథ కూడా దాంతోనే పోయింది. పెళ్ళి అయిపోయాక వచ్చిన బ్యాండు మేళం లాంటివి ఆ మూడు గెలుపులు.

ఇంకో బాధ కూడా ఉంది, అది మన ప్రాంతం వాళ్ళకే అర్థమవుద్ది. మ్యాప్ తీసి చూడండి. మనకి హైదరాబాద్ కన్నా చెన్నై దగ్గర. అందుకే మన నెల్లూరు జిల్లాలో ఏ వీధిలో చూసినా సగం మంది పసుపు జెర్సీలే. తెలుగోడివి అయ్యుండి ఆరెంజ్ జెర్సీ వేసుకున్నందుకు ఏటా మాటలు పడేది మనమే. 2025లో సీఎస్కే చివరి స్థానంలో తేలింది కాబట్టి వాళ్ళు కాస్త తలొంచుకుని తిరిగారు. లేకపోతే మన పని అయిపోయుండేది. అన్నట్టు, మన టీం ఓనర్లు సన్ టీవీ వాళ్ళది కూడా చెన్నైయే. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

సరే, విషయానికి వద్దాం. కోచ్‌ని మార్చాలా అనే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. ఆడేది ఆటగాళ్ళు, గ్రౌండులో ఫీల్డింగ్ పెట్టేది కెప్టెన్. మరి కోచ్ చేసేదేంది?

దీనికి బేస్‌బాల్‌తో పోల్చి చూస్తే తొందరగా అర్థమవుద్ది. మన క్రికెట్‌లో టీం మేనేజర్ అంటే విమానం టికెట్లు, హోటల్ గదులు, కిట్ బ్యాగులు చూసుకునే మనిషి. అమెరికా బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే టీంకి అసలు బాస్. ఆటగాళ్ళతో పాటు తను కూడా జెర్సీ వేసుకుని డగౌట్‌లో కూర్చుంటాడు. ఎవరు ఏ నంబర్లో బ్యాటింగ్‌కి రావాలో ఆయనే రాస్తాడు. బౌలింగ్ వేసే పిచ్చర్ అలిసిపోతే ఆయనే నడుచుకుంటూ గ్రౌండులోకి పోయి, బంతి చేతిలోంచి తీసుకుని, ఇంకొకరిని పిలుస్తాడు. ఒకసారి బయటికి వచ్చినోడు ఆ మ్యాచ్‌లో మళ్ళీ లోపలికి పోయేదానికి లేదు. అంత పెద్ద నిర్ణయం ఆయనదే. ఓడితే తిట్లు కూడా ఆయనకే. అక్కడ కొత్త మేనేజర్ వస్తున్నాడంటే ఫ్యాన్స్ అంతలా ఊగిపోయేది అందుకే.

కానీ ఆ మేనేజర్ పైన ఇంకొకడు ఉంటాడు, జనరల్ మేనేజర్. ఆటగాళ్ళని కొనేది, అమ్మేది, మార్పిడి చేసేది ఆయన. 'మనీబాల్' సినిమా చూసినోళ్ళకి గుర్తుండాలి. 2002లో ఓక్లాండ్ టీం జనరల్ మేనేజర్ బిల్లీ బీన్, అంటే సినిమాలో బ్రాడ్ పిట్, లెక్కలు చూసి స్కాట్ హ్యాటెబర్గ్ అనే ఆటగాడిని తెచ్చాడు. మేనేజర్ ఆర్ట్ హౌ అతన్ని ఫస్ట్ బేస్‌లో ఆడించేదానికి ఇష్టపడలేదు. అప్పుడు బీన్ ఏం చేశాడు? ఆ స్థానంలో ఆడుతున్న కార్లోస్ పేన్యాని వేరే టీంకి పంపించేశాడు. ఇక ఆడించక ఏం చేస్తాడు! అదే ఏడాది ఆ టీం వరసగా 20 మ్యాచ్‌లు గెలిచింది. ఆ సినిమాలో నాకు లెక్కల కన్నా నచ్చింది ఇదే. జట్టుని కొనేవాడు ఒకడు, ఆడించేవాడు ఇంకొకడు. ఇద్దరి మధ్య మాట కలవకపోతే మధ్యలో ఆటగాళ్ళు నలుగుతారు.

ఇప్పుడు మన ఐపీఎల్‌కి రండి. ఇక్కడ బేస్‌బాల్ మేనేజర్ చేసే పని రెండు ముక్కలైంది. మ్యాచ్ మొదలయ్యాక బౌలర్‌ని మార్చేది కెప్టెన్. మ్యాచ్‌కి ముందు పని ఎక్కువగా కోచ్‌ది. గుజరాత్ కోచ్ నెహ్రా బౌండరీ గీత పక్కన తిరుగుతూ ప్రతి బంతికీ అరుస్తా ఉంటాడు చూడండి, అట్టాంటి వాళ్ళు తక్కువ. ఎక్కువ మంది రాజు పక్కన మంత్రి లాంటోళ్ళు. మన ఉదయగిరి కొండ మీద దుర్గం సంగతే తీసుకోండి. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటని కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. కత్తి రాయలది. వెనక మంత్రిగా ఉన్నది తిమ్మరుసు. ఏడాది అయినా కోట చేతికి రాలేదని మధ్యలో మంత్రిని మార్చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలవదు. మార్చలేదన్నది మాత్రం తెలుసు.

అయితే రాజుకీ మంత్రికీ పైన ఇంకో మనిషి ఉన్నాడు. మన ఊళ్ళల్లో సంక్రాంతికి టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు ఆడినోళ్ళకి ఆ మనిషి బాగా తెలుసు. ఎంట్రీ ఫీజు కట్టినోడు! వాడికి బ్యాటింగ్ రాకపోయినా ఓపెనింగ్ వాడే. వాడి బామ్మర్దికి చివరి ఓవర్. ఐపీఎల్‌లో అది ఇంత నాటుగా ఉండదు గానీ, డబ్బు పెట్టినోడి మాటకి బరువు ఎప్పుడూ ఉంటుంది.

2021 గుర్తు తెచ్చుకోండి. వార్నర్ కెప్టెన్. 2016లో మనకి కప్పు తెచ్చిన మనిషి. ఢిల్లీతో సూపర్ ఓవర్‌లో ఓడిన మ్యాచ్‌లో మనీష్ పాండేని పక్కన పెట్టారు. మ్యాచ్ అయ్యాక వార్నర్ మైకు ముందే చెప్పాడు, అది సెలెక్టర్ల నిర్ణయమని, తన దృష్టిలో అది కఠినమైన నిర్ణయమని. ఆలోచించండి, కెప్టెనే ఆ మాట అంటే లోపల ఎవరి మాట ఎవరు వింటున్నారు? వారం తిరక్కుండానే, మే 1న, వార్నర్ కెప్టెన్సీ పోయింది. తర్వాత టీంలో చోటు కూడా పోయింది. ఆ సీజన్‌లో 14 మ్యాచ్‌ల్లో గెలిచినవి మూడే. చివరి స్థానం. అప్పుడు కోచ్ ఎవరో గుర్తుందా? ట్రెవర్ బేలిస్. 2019లో ఇంగ్లండ్‌కి వరల్డ్ కప్ గెలిపించినాయన. అంతకుముందు కేకేఆర్‌తో 2012లో, 2014లో ఐపీఎల్ కప్పులు కొట్టినాయన. కోచ్ బయోడేటాలో ఇంతకన్నా ఏం కావాలి? అయినా చివరి స్థానమే.

ఇక్కడే కొంచెం వెనక్కి పోదాం, ఎందుకంటే మన టీం జబ్బు అక్కడే మొదలైంది.

సన్‌రైజర్స్ పుట్టింది 2013లో. మొదటి కోచ్ టామ్ మూడీ. 2019 దాకా ఏడు సీజన్లు ఆయనే. ఏడింటిలో ఐదుసార్లు ప్లేఆఫ్స్. 2016లో కప్పు. 2018లో వార్నర్ మీద నిషేధం పడి చివరి నిమిషంలో విలియమ్సన్‌ని కెప్టెన్ చేసినా ఫైనల్ దాకా పోయాం. మూడీ ఆస్ట్రేలియాకి ఆడిన టెస్టులు ఎనిమిదే, అంత పెద్ద స్టార్ ఏం కాదు. కానీ భువనేశ్వర్, రషీద్ ఖాన్ లాంటి వాళ్ళతో, 150 కొట్టినా కాపాడుకోగలదనే పేరు తెచ్చిన టీంని కట్టాడు. 2019 సీజన్ అయ్యాక ఆయన్ని మార్చి బేలిస్‌ని తెచ్చారు. ఇంగ్లండ్ వరల్డ్ కప్ గెలిచి వారం కూడా కాలేదు, అప్పుడే ప్రకటన. వేడి వేడిగా ఉన్న పేరుని పట్టుకున్నారు.

తర్వాత లెక్క ఇట్టా ఉంది. 2020, 2021 బేలిస్. 2022కి మళ్ళీ మూడీ. 2023కి బ్రయాన్ లారా. 2024కి డేనియల్ వెట్టోరీ. కెప్టెన్లు చూస్తే వార్నర్, విలియమ్సన్, మార్‌క్రమ్, కమిన్స్. ఐదు సీజన్లలో నలుగురు కెప్టెన్లు. 2021లో మూడు గెలుపులు, 2022లో ఆరు, 2023లో నాలుగు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోళ్ళకి ఈ సినిమా బాగా తెలుసు. కొత్త మేనేజర్ వస్తాడు. పాత కోడ్ ఎవరు, ఎందుకు అట్టా రాశారో తెలుసుకునేదానికే మొదటి ఆరు నెలలు సరిపోతాయి. ఆయనకి కాస్త అర్థమయ్యే టైముకి ఆయన పోతాడు, ఇంకొకాయన వస్తాడు, మళ్ళీ మొదటి నుంచి మీటింగులు. పని చేసేవాళ్ళు మాత్రం ఎవరి మాట ఎన్ని రోజులు వినాలో లెక్కేసుకుంటా ఉంటారు.

లారా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. టెస్టుల్లో 400 కొట్టిన ఒకే ఒక్క మనిషి. నా తరం వాళ్ళు యూట్యూబ్‌లో ఆయన బ్యాటింగ్ చూసి పడిపోయినోళ్ళమే. 2022లో మన టీంకి బ్యాటింగ్ కోచ్. ఆ తర్వాత హెడ్ కోచ్. టీ20లో హెడ్ కోచ్‌గా అదే మొదటి పని. ఫలితం పదికి పదో స్థానం. దాని పక్కన చంద్రకాంత్ పండిట్‌ని పెట్టి చూడండి. ఇండియాకి ఆడింది ఐదు టెస్టులు. కానీ రంజీల్లో ముంబైకి కప్పులు, విదర్భకి వరసగా రెండు, 2022లో మధ్యప్రదేశ్‌కి మొదటి కప్పు. 2024 ఫైనల్లో మనల్ని చెపాక్‌లో 113కి ఆలౌట్ చేసిన కేకేఆర్‌కి కోచ్ ఆయనే. బేలిస్ అయితే అంతర్జాతీయ క్రికెట్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తను గొప్పగా ఆడడం ఒక విద్య. పక్కోడి చేత ఆడించడం ఇంకో విద్య. పదో తరగతిలో లెక్కల్లో వందకి వంద తెచ్చుకున్నోడు మంచి ట్యూషన్ మాస్టారు అవుతాడనే గ్యారంటీ లేదు కదా.

కోచ్‌ని మార్చాలి అనేవాళ్ళ దగ్గర ఒక బలమైన ఉదాహరణ ఉంది. దాన్ని దాటేసి పోతే అన్యాయం. డెక్కన్ చార్జర్స్! చిన్నపిల్లలకి గుర్తుండదు, హైదరాబాద్ మొదటి ఐపీఎల్ టీం అది. 2008లో కోచ్ రాబిన్ సింగ్, కెప్టెన్ లక్ష్మణ్. టీంలో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, రోహిత్ శర్మ, గిబ్స్. పేర్లు చూస్తే పండగ. 14 మ్యాచ్‌ల్లో రెండు గెలుపులు, చివరి స్థానం. 2009కి కోచ్ డారెన్ లీమన్, కెప్టెన్ గిల్‌క్రిస్ట్. దాదాపు అదే టీం. మే 24న ఫైనల్లో బెంగళూరుని 6 పరుగుల తేడాతో కొట్టి కప్పు ఎత్తింది. ఏడాదిలో అట్టడుగు నుంచి నెత్తి మీదికి.

మరి ఇది కోచ్ మహిమ కాదా? కొంత అవును. కానీ ఆ ఏడాది ఎన్నికల వల్ల టోర్నమెంట్ మొత్తం దక్షిణాఫ్రికాలో జరిగింది. అక్కడి పిచ్‌ల మీద ఆర్పీ సింగ్ 23 వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ పట్టేశాడు. కొత్త ఫాస్ట్ బౌలర్లు వచ్చారు. గిల్‌క్రిస్ట్ మొదటి రోజు నుంచీ కెప్టెన్. ఇద్దరూ ఆస్ట్రేలియా టీంలో కలిసి ఆడినోళ్ళు. ఒకడి మనసులో మాట ఇంకొకడికి చెప్పాల్సిన పని లేదు. నేను దీంట్లో చూసేది ఇదే. కోచ్ ఒక్కడు మారలేదు, కోచ్-కెప్టెన్ జంట మారింది.

వెట్టోరీ కథలో కూడా సరిగ్గా ఇదే జరిగింది. 2023 ఆగస్టులో ఆయన్ని తీసుకున్నారు. అప్పటికి ఆయన ఆస్ట్రేలియా టీంకి అసిస్టెంట్ కోచ్. ఆ టీం కెప్టెన్ కమిన్స్. నాలుగు నెలలకి దుబాయ్‌లో వేలం. కమిన్స్‌ని 20 కోట్ల 50 లక్షలకి కొన్నాం. దేశం మొత్తం నవ్వింది. టీ20లో పెద్దగా రికార్డు లేని బౌలర్‌కి ఇంత డబ్బా అని. ట్రావిస్ హెడ్‌ని 6 కోట్ల 80 లక్షలకి తెచ్చాం. ఈ ఇద్దర్నీ వెట్టోరీ రోజూ డ్రెస్సింగ్ రూంలో చూస్తున్నాడు. వాళ్ళకి ఏం వచ్చో, కోపం వస్తే ఎట్టా ఉంటారో ఆయనకి తెలుసు. కోచ్‌కి తెలిసింది వేలం టేబుల్ మీదికి వచ్చింది. మనీబాల్‌లో ఆ ఇద్దరి మధ్య లేనిది ఇదే.

ఇంకో చిన్న నిర్ణయం చూడండి, ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నాకు చాలా ఇష్టం. 2024 మొదటి మ్యాచ్ కేకేఆర్‌తో. నాలుగు పరుగుల తేడాతో ఓడాం. ఆ మ్యాచ్‌లో హెడ్ లేడు. విదేశీయులు నలుగురే ఉండాలి కదా, మార్కో యాన్సెన్ ఆడాడు. అంత దగ్గరికి వచ్చి ఓడితే మామూలుగా టీం మార్చరు. వీళ్ళు మార్చారు. బౌలింగ్ వేసే యాన్సెన్‌ని తీసి బ్యాటర్ హెడ్‌ని పెట్టారు. తర్వాతి మ్యాచ్ ముంబైతో ఉప్పల్‌లో. హెడ్ 24 బంతుల్లో 62. అభిషేక్ శర్మ 23 బంతుల్లో 63. క్లాసెన్ 34 బంతుల్లో 80 నాటౌట్. స్కోరు 277. తర్వాత బెంగళూరు మీద 287. లక్నో మీద 166 టార్గెట్‌ని 9.4 ఓవర్లలో వికెట్ పడకుండా కొట్టేశారు. అభిషేక్, క్లాసెన్ 2023లో కూడా మన టీంలోనే ఉన్నారు, చివరి స్థానంలో ఉన్నప్పుడు! వాళ్ళ చేతులు మారలేదు. అవుటైనా పర్వాలేదు, మొదటి బంతి నుంచే కొట్టు అనే ధైర్యం ఇచ్చినోళ్ళు మారారు. కోచ్ చేసే పని ఏంది అని అడిగితే నేను చూపించేది ఈ మ్యాచ్‌నే.

అట్టయితే 2025లో ఏమైంది?

సమాధానం మార్చిలో కాదు, అంతకుముందు నవంబర్‌లో ఉంది. మెగా వేలానికి ముందు ఐదుగురిని ఉంచుకున్నాం. క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్‌కి 14, హెడ్‌కి 14, మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. మొత్తం 75 కోట్లు. జేబులో ఉన్నది 120. అంటే మిగతా టీం మొత్తాన్నీ 45 కోట్లలో కట్టాలి. అందులో ఇషాన్ కిషన్‌కి 11 కోట్ల 25 లక్షలు, షమీకి 10 కోట్లు, హర్షల్ పటేల్‌కి 8 కోట్లు. అయిపోయింది జీతం, నెల ఇంకా మిగిలే ఉంది. 2014 నుంచి మనతో ఉన్న భువనేశ్వర్ బెంగళూరుకి పోయాడు. 2024లో మనకి ఎక్కువ వికెట్లు తీసిన నటరాజన్ ఢిల్లీకి పోయాడు. ఇద్దరూ 10 కోట్ల 75 లక్షలకే. భువీ అక్కడికి పోయి మొదటి ఏడాదే కప్పు ఎత్తాడు. నాకు ఆ ఫొటో చూసిన రాత్రి అన్నం సయించలేదు, నిజం చెప్తున్నా.

మన దగ్గర షమీ తొమ్మిది మ్యాచ్‌ల్లో ఆరు వికెట్లు. పంజాబ్‌తో మ్యాచ్‌లో నాలుగు ఓవర్లకి 75 ఇచ్చాడు. అభిషేక్ 141 కొట్టి 246 టార్గెట్‌ని ఛేజ్ చేయించాడు కాబట్టి బతికిపోయాం. రోజూ ఒకడు 141 కొట్టడు కదా.

ఆ వేలం జెడ్డాలో జరిగినప్పుడు పెర్త్‌లో ఆస్ట్రేలియా-ఇండియా టెస్టు నడుస్తోంది. వెట్టోరీ ఆ టెస్టు మధ్యలో వదిలి వేలానికి వచ్చాడు. అంటే ఈ టీం ఆయన చూడకుండా కట్టింది కాదు. ఇక్కడ వెట్టోరీని వెనకేసుకొచ్చేవాళ్ళు, అంటే నాలాంటోళ్ళు, ఒక చేదు విషయం మింగాలి. ఆయన 2014 నుంచి 2018 దాకా బెంగళూరు హెడ్ కోచ్. కోహ్లీ, గేల్, డివిలియర్స్. బ్యాటింగ్ కొండంత. 2016 ఫైనల్లో మనం 208 కొడితే వాళ్ళు 200 దగ్గర ఆగిపోయారు. ఆ రోజు ఎదుటి డగౌట్‌లో కూర్చుంది వెట్టోరీయే. మరుసటి ఏడాది ఆ టీం చివరి స్థానం. మొన్నటి మన టీంతో పోల్చుకోండి. ఒక ఏడాది ఫైనల్, మరుసటి ఏడాది కిందికి. కొండంత బ్యాటింగ్, అరకొర బౌలింగ్. టెస్టుల్లో 362 వికెట్లు తీసిన స్పిన్నర్ కట్టిన టీంలో బౌలింగే ఎందుకు వెలితిగా ఉంటుందో నాకు అంతుపట్టదు. ఆయన్ని తీసేయాలనే వాళ్ళు 286 గురించి కాకుండా దీని గురించి మాట్లాడితే నేను కూర్చుని వింటా.

అయినా నేను ఉంచమనే అంటా. ఎందుకంటే ఈ రోజు వెట్టోరీని తీసేస్తే జరిగేది ఏంది? కమిన్స్ ఉంటాడు, ఆయనకి తెలిసిన కోచ్ ఉండడు. మళ్ళీ 2020 నుంచి 2023 దాకా తిరిగిన గానుగ చుట్టే తిరుగుతాం. రిపేరు చేయాల్సింది బౌలింగ్. 2025 జులైలో టీం చేసింది కూడా అదే. జేమ్స్ ఫ్రాంక్లిన్ స్థానంలో వరుణ్ ఆరోన్‌ని బౌలింగ్ కోచ్‌గా తీసుకుంది. మన దేశపు పిచ్‌ల మీద రంజీలు ఆడి, గాయాలతో కుస్తీ పట్టిన ఫాస్ట్ బౌలర్. ఇంట్లో ట్యాపు కారితే ట్యాపు మారుస్తాం గానీ ఇల్లు మారము.

రేపో మాపో వెట్టోరీ వెళ్ళే రోజు వస్తుంది, కమిన్స్ కూడా కుర్రాడేం కాదు. అప్పుడు ఎవర్ని తేవాలి? నన్నడిగితే సన్ గ్రూపుకి ఇంట్లోనే ఒకాయన ఉన్నాడు. దక్షిణాఫ్రికా లీగ్‌లో వాళ్ళదే సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ ఉంది. దానికి కోచ్ అడ్రియన్ బిరెల్. 2023లో కప్పు, 2024లో కప్పు, 2025లో ఫైనల్. మూడేళ్ళకి మూడు ఫైనల్స్! ఆ మూడేళ్ళూ కెప్టెన్ మార్‌క్రమ్. అదే మార్‌క్రమ్ 2023లో ఇక్కడ లారాతో కలిసి పదో స్థానం. ఒకే మనిషి, రెండు టీములు, రెండు కోచ్‌లు. అక్కడి గెలుపు ఇక్కడ పనికొస్తుందని చెప్పలేం, మన వేలాలు, మన కుర్రాళ్ళ సంగతి వేరు. కానీ పేరు చూసి కాదు, పని చూసి ఎంచుకోవాలంటే మొదలెట్టాల్సింది అట్టాంటి చోటు నుంచే.

ఇంకోటి కూడా అడుగుతుంటారు, మన తెలుగోడు ఎందుకు కాకూడదని. 2008 నుంచి 2025 దాకా 18 సీజన్లు. హైదరాబాద్ పేరుతో ఆడిన రెండు టీములకి ఒక్క తెలుగు హెడ్ కోచ్ కూడా లేడు. సన్‌రైజర్స్‌కైతే భారతీయ హెడ్ కోచే లేడు. లక్ష్మణ్ చాలా ఏళ్ళు మెంటర్‌గా ఉన్నాడు, తర్వాత బెంగళూరులో నేషనల్ క్రికెట్ అకాడమీకి పోయాడు. హైదరాబాద్‌కి రంజీలు ఆడిన శ్రీధర్ ఏడేళ్ళు ఇండియా ఫీల్డింగ్ కోచ్. మనుషులు లేక కాదు. తెలుగోడు కాబట్టి ఇవ్వమని నేను అడగను, అది ఎంట్రీ ఫీజు బామ్మర్ది లెక్క అవుద్ది. కానీ ఆంధ్రా, హైదరాబాద్ రంజీ టీముల్లో ఏ కుర్రాడు యార్కర్ వేస్తాడో, ఎవడికి ఒత్తిడిలో చేతులు వణకవో తెలిసిన మనిషి కోచింగ్ బృందంలో ఒకడైనా ఉండాలి. 45 కోట్లలో టీం కట్టాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది 30 లక్షలకి దొరికే ఆ కుర్రాడే. నితీశ్‌ని మొదట 20 లక్షలకే తెచ్చుకున్నాం, మర్చిపోవద్దు.

మళ్ళీ వేలం ఉంటుంది. అందరూ పలక ఎత్తే చేతిని చూస్తారు, కెమెరా కూడా కావ్యా మారన్ మీదే ఉంటుంది. మీరు ఆ పలక లేచే ముందు రెండు సెకన్లు చూడండి. ఆమె ఎవరి వైపు తిరుగుతోంది, ఆయన తల ఊపాడా లేదా. బౌలర్ పేరు వచ్చినప్పుడు మరీ జాగ్రత్తగా చూడండి.

సరే మరి, ఉంటా.